ఇష్టానికి ఇంగ్లీషు మాట

ద్వారకా నగర్, విశాఖపట్నం
18-7-1983

అన్నయ్యకు, వదినకు గౌరి నమస్కారాలు.

వదిన పంపిన ఆవకాయ జాడీ పగలకుండా చేరింది. మూత వదులై నూనె కారి మీ బావగారి సంచీ అంతా ఎర్రబడిందనుకో. ఆయన ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ ఏమీ అనరు, నీకు తెలిసిందే కదా. పొద్దున్నే కంపెనీ బస్సెక్కి స్టీల్ ప్లాంటు కడుతున్న సైటుకి వెళ్తారు. చీకటిపడే వేళకి జుట్టునిండా ఎర్రమట్టితో వస్తారు. "ఏటి కూర?" అంటారు, తింటారు, పడుకుంటారు. పెళ్ళయి ఏడాది దాటింది, నాకూ అలవాటైపోయింది.

అసలు సంగతి రాస్తాను. మా పైవాటాలోకి మిత్రా గారని బెంగాలీవాళ్ళు దిగారు. దుర్గాపూర్ నుంచి బదిలీ మీద వచ్చారు. సైటులో మీ బావగారికి పైఅధికారి ఆయనే. పిల్లల్లేరు. ఆవిడకి తెలుగు రాదు, నాకు బెంగాలీ గానీ హిందీ గానీ రాదు. మా ఇద్దరి మధ్యా ఉన్నది నువ్వు అరుగు మీద కూచోబెట్టి నేర్పిన ఇంగ్లీషొక్కటే. దాంతోనే నెట్టుకొస్తున్నాం. నీ పుణ్యమా అని నాకో మనిషి దొరికింది అన్నయ్యా. ఈ ఊళ్ళో ఇన్నాళ్ళూ గోడలతో మాట్లాడాను.

ఆవిడకి చేప లేకపోతే ముద్ద దిగదు. మొన్న ఆదివారం తెల్లారకముందే రిక్షా మాట్లాడుకుని ఇద్దరం ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాం. మరబోట్ల నుంచి చేపలు దించి అక్కడికక్కడే వేలంపాట పాడేస్తారు. ఆవిడ ప్రతి చేపనీ ఎత్తి, దాని కళ్ళలోకి చూసి, మొప్ప విప్పి, వాసన చూసి, మళ్ళీ పెట్టేస్తుంది. పోతమ్మ అని అక్కడ చేపలమ్మే మనిషి కాసేపు చూసి, "ఏటమ్మా, ఈ బెంగాలమ్మ సేపని కొంతదా, మనువాడతదా? అలా సూత్తందేటి!" అంది. ఏమంటోందని ఆవిడ అడిగితే చెప్పడానికి నాకు ఇంగ్లీషు చాల్లేదు. ఉత్తినే నవ్వాను.

అదే నా కష్టం. ఆవిడ ఏం పెట్టినా, ఏం చూపించినా "ఐ లైక్" అంటాను. కూర లైక్, చీర లైక్, సముద్రం లైక్. నిన్న ఆవిడ నవ్వేసి, "నీకు అన్నీ ఒకేలా ఇష్టమా గౌరీ?" అని అడిగింది. తల తీసేసినట్టయింది. ఇష్టానికి ఇంగ్లీషులో ఇంకా మాటలుంటాయి కదా, కొన్ని రాసి పంపు. వచ్చే నెల వాళ్ళింట్లో టీ పార్టీ ఉంది. ఆఫీసర్ల భార్యలందరూ వస్తారట. నన్నూ పిలిచింది. అక్కడ మూగదానిలా కూచుంటే మీ బావగారికి నామోషీ కదా.

మిత్రా గారు సాయంత్రాలు మేడ మీద మౌతార్గాన్ వాయిస్తారు. ఏ పాటో తెలియదు కానీ ఎంత హాయిగా ఉంటుందో చెప్పలేను. మొన్న వింటూ నిలబడిపోయి అన్నం అడుగంటించేశాను. మీ బావగారు ఆ మాడు అన్నమే తినేసి లేచారు.

వదిన నడుము నొప్పి తగ్గిందా? రాయి.

నీ చెల్లెలు
గౌరీశ్వరి


పాలకొండ
27-7-1983

చిరంజీవి గౌరికి అన్నయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మీ వదినకి ఒకసారి చదివి వినిపించాను. నడుము నొప్పి అలాగే ఉందిట కానీ నువ్వడిగావని తెలిసి సగం తగ్గిందంటోంది. ఇక్కడ వానలు బాగున్నాయి, వరి ఉడుపులు నడుస్తున్నాయి. అందుకని తొమ్మిదో తరగతిలో సగం బెంచీలు ఖాళీ. తరగతి గది పైకప్పు కారుతోంది. ఉన్న పిల్లల్ని ఒక మూలకి చేర్చి పాఠం చెబుతున్నాను.

నా చెల్లెలు పట్నంలో ఆఫీసర్ల భార్యలతో ఇంగ్లీషులో మాట్లాడుతోందంటే నాకెంత గర్వమో రాయలేను. స్టాఫ్ రూములో గవర్రాజు మాస్టారికి చెప్పాను. లెక్కల మాస్టారు కదా, ఆయన ముఖం మాడ్చుకున్నాడు.

ఇక నువ్వడిగినది. ఎప్పుడూ లైక్ అంటే అది రెండో తరగతి పిల్లల భాష. దానికన్నా ఒక మెట్టు పైన "ఫాండ్ ఆఫ్". ఇంకో మెట్టు పైన "కీన్ ఆన్". ఇది చదువుకున్నవాళ్ళ మాట, ఉత్సాహం కూడా అందులో కలిసి ఉంటుంది. అన్నిటికన్నా గట్టిది "క్రేజీ అబౌట్". మన పిచ్చి ఇష్టం అన్నమాట. అర్థం అన్నిటికీ ఒకటే, బలంలోనే తేడా. మన కూరలో కారం వేసుకున్నట్టు కావలసినంత వేసుకో. నిఘంటువు దగ్గర పెట్టుకునే రాస్తున్నాను, సందేహించకు. సభలో మాట్లాడేటప్పుడు తల పైకెత్తి, మాట మింగకుండా, ఖణీమని చెప్పు.

బావగారిని అడిగానని చెప్పు.

ఇట్లు
అన్నయ్య రమణమూర్తి


ద్వారకా నగర్
16-8-1983

అన్నయ్యకు నమస్కారం.

పార్టీ అయిపోయింది. నువ్వు రాసిన మాటలు వాడాను. మిత్రా గారి గురించి అందరి ముందూ అనేశాను. అనకూడని మాట అనేశాను. ఇక ఈ జన్మలో ఇంగ్లీషు మాట్లాడను.

మీ బావగారు ఇంట్లో తినడం లేదు. సైటు క్యాంటీనులోనే తినేసి వస్తున్నారు. మిత్రా గారు పైన వాయించడం మానేశారు. పైవాటా కిటికీలు మూసేశారు. ఆవిడ నాకు ఎదురుపడడం లేదు. నేనూ బయటికి రావడం లేదు. మున్సిపాలిటీ కుళాయి దగ్గరికి కూడా అందరూ వెళ్ళిపోయాక వెళ్తున్నాను.

ఇంతకన్నా రాయలేను. వదినకి చూపించకు.

గౌరి


పాలకొండ
24-8-1983

గౌరికి,

నీ ఉత్తరం అందిన రోజే బావగారి దగ్గర నుంచి కార్డు కూడా వచ్చింది. "కొన్నాళ్ళు మీ చెల్లెలిని తీసుకెళ్ళండి" అని ఒకే ఒక్క ముక్క. రెండూ పక్కపక్కన పెట్టుకుని రాత్రంతా కూచున్నాను.

నేను నీకు మాటలు పంపాను. నిజమే. ఆ మాటల పక్కన మిత్రా పేరు నేను రాయలేదు. నువ్వు రాసిన రెండు ఉత్తరాల్లోనూ ఆ పేరుంది. ఆయన వాయిస్తుంటే అన్నం అడుగంటిందని నువ్వే రాశావు, అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు మళ్ళీ చదివితే నవ్వు రాలేదు. భర్త ఏమీ మాట్లాడడని రాశావు. పైవాటా ఆయన సంగీతం హాయిగా ఉంటుందని రాశావు. నేను ఇంగ్లీషు మాస్టారినే కావచ్చు, తెలుగు కూడా చదవగలను.

అమ్మా నాన్నా పోయాక నిన్ను నా చేతుల మీద పెంచాను. నా తల దించకు. నీ మనసులో ఏమైనా ఉంటే తుడిచేసుకో. మేడవైపు కిటికీ మూసి ఉంచు. దసరాకి సెలవులిస్తారు, అప్పుడు వచ్చి తీసుకొస్తాను. అంతవరకు ఎవరితోనూ మాట్లాడకు.

మీ వదినకి ఏమీ చెప్పలేదు.

రమణమూర్తి


ద్వారకా నగర్
29-8-1983

అన్నయ్యకు,

నువ్వు కూడానా?

పార్టీలో అందరూ నవ్వినప్పుడు కూడా నాకు ఇంత సిగ్గనిపించలేదు. నీ ఉత్తరం మడతపెట్టి బియ్యం డబ్బా అడుగున దాచాను. మీ బావగారి కంట పడుతుందని కాదు. నా కంట పడకూడదని. జరిగింది జరిగినట్టు ఇప్పుడు రాస్తాను. రాయకపోతే నువ్వనుకున్నదే నిజమైపోయేలా ఉంది.

పైన పదిహేనుమంది దాకా ఉన్నారు. అందరూ ఖరీదైన చీరల్లో ఉన్నారు. నేను పెళ్ళిచీర కట్టుకెళ్ళాను, అదే నా తప్పు కాబోలు, అందరూ నా వైపే చూశారు. అందరూ గబగబా ఇంగ్లీషూ హిందీ కలిపి మాట్లాడుకుంటున్నారు. నేను ఒక మూల కూచుని నువ్వు రాసిన మాటలు లోపల అప్పజెప్పుకుంటున్నాను. ఇంతలో మిసెస్ మిత్రా నన్ను చూపించి, "మా ఆయన మౌతార్గాన్ వినే మనిషి ఈ ఊరు మొత్తానికి ఈమె ఒక్కతే" అంది ఇంగ్లీషులో. ఎవరో, "నిజమా, మీకు అంత ఇష్టమా?" అని అడిగారు. నేను లేచి నిలబడ్డాను. నువ్వు చెప్పినట్టే తల పైకెత్తాను. మాట మింగలేదు.

"ఐ యామ్ వెరీ కీన్ ఆన్ మిస్టర్ మిత్రా. ఎవ్రీ ఈవెనింగ్ ఐ వెయిట్ ఫర్ హిమ్. ఐ యామ్ క్రేజీ అబౌట్ హిమ్."

అందరూ చేతుల్లో కప్పులు ఆపి నా వైపు తిరిగారు. నా ఇంగ్లీషుకి ఆశ్చర్యపోయారనుకున్నాను అన్నయ్యా. చప్పట్లు కొడతారేమో అని కూడా అనుకున్నాను. అప్పుడు మిసెస్ మిత్రా, "అయితే తీసుకెళ్ళు, గురకతో సహా నీకే ఇచ్చేస్తాను" అంది. ఇల్లు ఎగిరిపోయేలా నవ్వారు. ఒకావిడ చేతిలో టీ ఒలికింది. నాకేమీ అర్థం కాక, నేను కూడా వాళ్ళతో కలిసి నవ్వాను. అది తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు చచ్చిపోతుంది. పక్కనున్న ఒక తెలుగావిడ నా చెయ్యి పట్టుకుని కూచోబెట్టి, చెవిలో, "మనిషి మీద ఆ మాట వాడితే మోజు పడ్డానని అర్థమమ్మా. పాట మీద వాడితే వేరు" అంది. నేను అప్పటికే మూడుసార్లు ఆయన్నే అన్నాను. పాట అనే మాట ఒక్కసారి కూడా అనలేదు.

మర్నాడు ఆ మాట సైటుకి చేరిపోయింది. మీ బావగారు బస్సెక్కగానే ఎవరో, "త్రినాథా, ఇయాల మీ ఇంటికాడ సాయంత్రం పోగ్రామ్ ఉందేటి బావా?" అన్నారట. బస్సంతా నవ్విందట. ఈ సంగతి ఆయన నాతో అనలేదు. పక్క వాటా ఆవిడ ద్వారా తెలిసింది.

నువ్వడిగినదానికి జవాబు రాస్తాను. ఆ సంగీతం నాకిష్టమే. సాయంత్రాలు దాని కోసం చూసిన మాట నిజమే. అందులో దాచుకోవలసింది ఏదైనా ఉంటే నీకు మొదటి ఉత్తరంలోనే రాస్తానా? ఒక్కటి ఆలోచించు. తెలుగులో అయితే పదిమందిలో లేచి "మీ ఆయనంటే నాకు పిచ్చి" అని అనేదాన్నా? చచ్చినా అనను. "మీవారు బాగా వాయిస్తారండీ" అని తల దించుకుని ఊరుకునేదాన్ని. ఇంగ్లీషులో సిగ్గు ఉండదనుకున్నాను. అందులో ఎంత పెద్ద మాటైనా అనొచ్చనుకున్నాను. నువ్వు కారంలా వేసుకోమన్నావు, వేసుకున్నాను.

నన్ను తీసుకెళ్ళడానికి రావద్దు. వస్తే నిజంగానే తప్పు చేసినదాన్నవుతాను.

గౌరీశ్వరి


పాలకొండ
8-9-1983

అమ్మా గౌరీ,

నీ ఉత్తరం వచ్చి వారం కావస్తోంది. జవాబు రాయడానికి కూచోవడం, కలం మూత పెట్టేసి లేచిపోవడం, ఇదే పనైంది.

ముందుగా నా ఇంగ్లీషు సంగతి. మొన్న శ్రీకాకుళం పనిమీద వెళ్ళి అక్కడ లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీయించి చూశాను. మన ఇంట్లో ఉన్నది మాటకి మాట అర్థం ఇచ్చే చిన్నది. అందులో ఇవన్నీ "ఇష్టపడు" అనే ఉన్నాయి. పెద్దదాంట్లో ఒక్కొక్క మాటకీ వాక్యాలున్నాయి. "కీన్ ఆన్" అని ఆట గురించి, చదువు గురించి అంటే ఉత్సాహం. ఆడమనిషి మగమనిషి గురించి అంటే అది ఆకర్షణ. "ఫాండ్ ఆఫ్" ఒక్కటే ఇంట్లో మనిషికీ స్నేహితులకీ కూడా వాడదగ్గ మెత్తని మాట. మెట్లూ లేవు, కారమూ లేదు. దేని గురించి అంటున్నామో, ఎవరి గురించి అంటున్నామో, అదే తేడా అంతా. అక్కడ బెంచీ మీద చాలాసేపు కూచుండిపోయాను. ఇంగ్లీషే మాతృభాష అయిన మనిషితో నేను ఇంతవరకు ఒక్క మాట మాట్లాడలేదు గౌరీ. ఇంగ్లీషు తప్ప వేరే దారి లేని మనిషితో కూడా మాట్లాడలేదు. ఈ ఊళ్ళో నన్ను దిద్దేవాడు లేడు. అందుకని నేను చెప్పిందే ఒప్పు అనుకుంటూ వచ్చాను.

ఇంటికొచ్చాక పదో తరగతిలో నిలబడి, ఇష్టానికి మాటలు నేను తప్పుగా చెప్పానని పిల్లలకి చెప్పాను. వాళ్ళు రాసుకున్నది కొట్టేయమన్నాను. గవర్రాజు మాస్టారు వరండాలో నిలబడి అంతా విన్నాడు. వింటే విన్నాడులే.

అది చెప్పడం తేలికే అయింది. రెండోదే గొంతు దాటడం లేదు. మాట తప్పు నాది, దాన్ని నీ నడతకి అంటగట్టాను. సైటులో వాళ్ళెవరో ఊరికే నవ్వారు, నిన్నెరగని వాళ్ళు. నేను నీకు జడ వేసి నిన్ను బడికి పంపినవాణ్ణి, నేను కూచుని నీ ఉత్తరాల్లో రంధ్రాలు వెతికాను. మీ వదినకి నిన్న అంతా చెప్పాను. ఆమె చెంబు కింద పెట్టి, "ఆ పిల్లకి అలాంటి ఉత్తరం రాత్తావా? నీ సేతులెలా ఆడాయయ్యా?" అంది. అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు. అది నాకు తగినదే.

బావగారి కాళ్ళు పట్టుకునైనా సంగతి విప్పి చెబుతాను. ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తాను. వద్దంటే రాను. క్షమించమని రాయడానికి నాకు మొహం లేదు.

నీ అన్నయ్య


ద్వారకా నగర్
25-9-1983

అన్నయ్యకు, వదినకు గౌరి నమస్కారాలు.

వదినా, ఇక మా అన్నయ్యతో మాట్లాడు. నాకు ఎప్పుడో కోపం పోయింది. అన్నయ్యా, నువ్వు రానక్కర్లేదు. ఎవరి కాళ్ళూ పట్టుకోనక్కర్లేదు. ఏం జరిగిందో వరసగా రాస్తాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే ధైర్యం తెచ్చుకుని మేడమెట్లెక్కాను. ఇంగ్లీషు వాక్యం ఏదీ సిద్ధం చేసుకోలేదు. తలుపు తీసింది మిసెస్ మిత్రాయే. నన్ను చూడగానే ఆవిడ మొహం ఎర్రబడిపోయింది. నేను "ఐ లైక్ హిస్ మ్యూజిక్. ఐ లైక్ యూ" అని మాత్రం అన్నాను. మళ్ళీ ఆ రెండో తరగతి మాటే. ఆవిడ నన్ను లోపలికి లాక్కుని తలుపేసి ఏడ్చింది. ఆవిడ నా మీద కోపంతో మొహం చాటేసిందనుకున్నాను కదా, అది కాదట. నేను ఏమనబోయానో ఆవిడకి ఆ క్షణంలోనే తెలుసట. అయినా అందరూ చూస్తున్నారని, నాలుక ఊరుకోక ఆ గురక మాట అనేసిందట. ఆ మాటే పట్టుకుని అందరూ నవ్వారు, సైటుదాకా మోశారు. నాకు ఎదురుపడలేక వెనక మెట్ల మీద నుంచి తిరుగుతోందట. మిత్రా గారు వాయిస్తే మీ బావగారు నొచ్చుకుంటారని మానేశారట. మేం ఒకరి తలుపు ఒకరం చూసుకుంటూ, ఎవరికి వాళ్ళం సిగ్గుతో చచ్చిపోతూ ఇన్నాళ్ళూ గడిపాం.

ఆ సాయంత్రం మిత్రా గారు స్వయంగా కిందికి వచ్చి మీ బావగారితో మాట్లాడారు. ఇద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. లోపలికి వచ్చి మీ బావగారు పీట వాల్చుకుని కూచున్నారు. ఎన్నాళ్ళకో ఇంట్లో కంచం పెట్టాను. అన్నం వడ్డించి, నువ్వు లైబ్రరీలో చూసిన సంగతంతా చెప్పాను. పాట అనబోయి మనిషిని అన్నానని, మాట తెలియక అన్నానని చెప్పాను. ఆయన అంతా విని, "అది నాకు ఆ రోజే తెల్సు" అన్నారు.

"మరి ఇన్నాళ్ళూ ఇంట్లో ఎందుకు తినలేదు?" అన్నాను.

ఆయన అన్నం కలుపుతూనే ఉన్నారు, ముద్ద ఎత్తలేదు. "బస్సులోన ఆళ్ళు నవ్వితే నవ్వారు. దానికి కాదు. ఆ మాట నీకు ఆయన్ననాలని లేదు, తప్పొచ్చింది, సరే. మరి నానంటే ఇష్టవని ఏ బాసలోనైనా ఒక్కసారన్నావేటి? తప్పుగానైనా అన్నావేటి?" అన్నారు.

"ఇంట్లో ఆడవాళ్ళు అలా అంటారా ఎక్కడైనా?" అన్నాను.

"అనరు. నాను మాత్రం అన్నానేటి? అననేదు" అన్నారు. "నీ మీద కోపం నేదు. సిగ్గేసింది. ఏడాదైంది, నా పెళ్ళానికి ఏటిష్టవో నానడగనేదు. పైవాటావోళ్ళ టీ పార్టీలోన తెలిసింది." అని లేచి చెయ్యి కడిగేసుకున్నారు.

కార్డు ఎందుకు రాశారని అడిగితే, నీ దగ్గరైతే నేను కాస్త మాట్లాడుకుంటానని, ఇక్కడ మూగదాన్ని అయిపోయానని అనుకుని రాశారట. నువ్వు దానికేదో అర్థం చేసుకున్నావు, నేను ఇంకేదో చేసుకున్నాను.

ఆ రాత్రంతా, ఆయనంటే ఇష్టమన్న ఆ మాట ఆయనతో చెప్పాలని చూశాను. పరాయివాళ్ళ మధ్య లేచి, పరాయి మనిషి గురించి, తల ఎత్తి ఖణీమని అన్నదాన్ని, నా ఇంట్లో నా మనిషికి చెప్పబోతే నోరు పెగల్లేదు. ఇష్టం లేక కాదు. ఆ మాడు అన్నం మాట్లాడకుండా తిన్న మనిషి మీద నాకు ఇష్టం లేకపోవడమేమిటి? ఎంత సిగ్గేసిందో చెప్పలేను అన్నయ్యా. పార్టీలో పడ్డ సిగ్గు దీని ముందు లెక్కలోకి రాదు.

మర్నాడూ చెప్పలేకపోయాను. ఆ మర్నాడూ అంతే, అలా పది రోజులు గడిచిపోయాయి. నిన్న పొద్దున్న ఆయన చెప్పులేసుకుని గేటు దాటబోతుంటే, ఈ రోజూ వెళ్ళిపోతారనిపించి, వెనకాలే పరిగెత్తి వీధిలో అనేశాను. ఏ భాషలో అన్నానో, ఏ మాట అన్నానో నీకు రాయను. రాస్తే దిద్దుతావు.

ఆయన కంపెనీ బస్సు వచ్చింది, ఆగింది, హారన్ కొట్టింది, వెళ్ళిపోయింది. ఆయన బస్సు వైపు తిరిగి కూడా చూడలేదు.

నీ చెల్లెలు
గౌరి